చాలా ఓపికగల పక్షి

మా మామయ్య నోటుబుక్కులో నూట తొంభై తొమ్మిది రకాల పక్షులుండేవి. అందులో ఒకటి కర్ర.

ఆ సంగతి బయటపడటానికి కారణం నేనే కాబట్టి చెప్పాల్సిన బాధ్యతా నాదే. మా ఆయన్ని చెప్పమంటే, "ఏముంది, నాన్న పక్షుల్ని చూసేవారు, ఇప్పుడూ చూస్తున్నారు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఆయనకు ఏదైనా అంతే. ఇల్లు తగలబడుతున్నా కాస్త ఉక్కగా ఉందంటాడు.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. ఫ్రేములు సరిచేయడం, అద్దాలు బిగించడం, మనుషుల్ని చార్టు ముందు కూర్చోబెట్టి కింది వరస చదవమనడం నా పని. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని షాపులో అందరికీ తెలుసు. కనపడని అక్షరాన్ని కనపడుతోందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్షరం కనపడకపోవడం తప్పు కాదు. కనపడలేదని చెప్పండి, అద్దం మారుస్తాను. అదేదో పరువు పోయినట్టు ఊహించి చదవడమేమిటి?

అలాంటి నన్ను మా మామయ్య మూడేళ్ళు ఏమార్చారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో దుకాణాల తూకపు రాళ్ళూ, లీటరు కొలతలూ, బట్టల కొట్లలో మీటరు బద్దలూ తనిఖీ చేసి సీలు వేసిన మనిషి. సొంత బావమరిది కొట్లో కిలో రాయి ఎనిమిది గ్రాములు తక్కువుందని కేసు రాశారు. ఆ బావమరిది ఇప్పటికీ మా ఇంటికొస్తే కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోడు. "నా కళ్ళతో చూడందే సంతకం పెట్టను" అనేది మామయ్య మాట. ఉద్యోగంలో ఉన్నంతకాలం రోజుకు పదిసార్లు అనేవారట. రిటైరయ్యాక ఇంట్లో అనడం మొదలుపెట్టారు.

అంతటి మనిషికి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. తలుపు వెనక తగిలించిన రెయిన్‌కోటును "ఎప్పుడొచ్చారండీ?" అని పలకరించారు. అది బదులు చెప్పకపోయేసరికి నొచ్చుకున్నారు కూడా. ఆపరేషన్ చేయించుకోండి మామయ్యా అంటే గోడకు చెప్పినట్టే. చివరికి షాపుకు లాక్కెళ్ళి చార్టు ముందు కూర్చోబెట్టాను. చివరి వరసదాకా గడగడా చదివేశారు. నాకు అనుమానం వచ్చి చార్టు తిప్పి తలకిందులుగా తగిలించాను. మళ్ళీ అదే గడగడా.

"బట్టీ పట్టారా?" అన్నాను.

"గుర్తుంది" అన్నారాయన. "మొన్న నువ్వు లోపలికెళ్ళినప్పుడు దగ్గరికెళ్ళి చూసుకున్నాను."

కొలతల ఇన్‌స్పెక్టరండీ! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా మామగారు కదా, చార్టు సరిగ్గా తగిలించి ఊరుకున్నాను.

ఇక పక్షుల విషయం. బస్సు చివరి స్టాపులో దిగి పావుగంట నడిస్తే మడుగు వస్తుంది. గేటు మీద బోర్డులో "రక్షిత మంచినీటి చిత్తడి ప్రాంతం" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని కింద చేయకూడని పనులు పన్నెండున్నాయి. పదమూడోది ఎవరో ఒకరు చేయగానే రాయడానికి కొంత ఖాళీ కూడా వదిలారు. జనం మాత్రం మడుగనే అంటారు. గేటు దాటి కర్రవంతెన మీద నడుచుకుంటూ పోతే, జమ్ము గడ్డి పెరిగిన చోట, నీళ్ళ మీద ఒక చెక్క గది ఉంటుంది. గోడలకు సన్నటి పొడుగాటి కిటికీలు. మనం పక్షులకు కనపడకుండా పక్షుల్ని చూడటానికి. దాన్ని కిటికీ గది అంటారు. లోపల రెండు బెంచీలు, ఒక బల్ల, బల్ల మీద ఒక రిజిస్టరు, దానికి తాడుతో కట్టిన పెన్ను.

అసలు కథంతా ఆ రిజిస్టరుదే. తేదీ, సమయం, పక్షి, ఎన్ని, చూసినవారు, సాక్షి. ఇవీ గళ్ళు. మీరు ఒక పక్షిని చూశారంటే సరిపోదు. పక్కనున్న ఇంకొకరు కూడా చూసి సాక్షి గడిలో సంతకం పెట్టాలి. అదీ ఆ రోజే పెట్టాలి. సంతకం లేని పక్షి లెక్కలోకి రాదు. అలా రెండు వందల రకాలు పూర్తిచేసినవాళ్ళ పేరు గేటు పక్కన పలక మీద చెక్కుతారు. ఇంతవరకు ఏడు పేర్లున్నాయి. ఎనిమిదో పేరుకు చోటు ఎంతుందో మామయ్య టేపు పెట్టి కొలిచి చూసుకున్నారు.

ఆయన సాక్షి మా అత్తయ్య. పధ్నాలుగేళ్ళు, ప్రతి ఆదివారం. అత్తయ్య టైలరు షాపులకు కాజాలు కుట్టేది. చొక్కాల కట్ట ఒకటి సంచిలో వేసుకుని వచ్చి, కిటికీ గదిలో బెంచీ మీద కూర్చుని కుట్టుకునేది. ఈయన "అదుగో!" అనగానే తలెత్తి చూసి, సంతకం పెట్టి, మళ్ళీ కాజాలో పడేది. ఆవిడ సంతకం కూడా ఆవిడ కుట్టులాగే ఉండేది. పేరు రాసి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టేది. పార్సిల్ అబ్బాయి కాగితం మీదైనా సరే, ఆ చుక్కలు పడేదాకా అతను గుమ్మంలో నిలబడాల్సిందే.

రెండేళ్ళ కిందట నాలుగు రోజుల జ్వరంతో అత్తయ్య పోయింది. అప్పటికి మామయ్య లెక్క నూట తొంభై తొమ్మిది.

ఆ తరవాత ఆయన ఒంటరిగా వెళ్ళేవారు. కిటికీ గదిలో ఎవరుంటే వాళ్ళను సాక్షి సంతకం పెట్టమని అడిగేవారు. వాళ్ళు "ఎక్కడండీ?" అని తిరిగి అడిగేవారు. అత్తయ్య ఎప్పుడూ అలా అడగలేదని ఇంటికొచ్చి చెప్పి బాధపడేవారు. నాకు అదే అదను. "ఆపరేషన్ చేయించుకోండి మామయ్యా, ప్రతి ఆదివారం నేనొచ్చి సాక్షి సంతకం పెడతాను" అని బేరం పెట్టాను. ఒక రాత్రంతా ఆలోచించి సరేనన్నారు. నెల తేడాతో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే నన్ను చూసి, "నీకు ఇంత తెల్లవెంట్రుకలున్నాయా?" అన్నారు. అదీ నాకు దక్కిన మర్యాద.

చలికాలం మొదట్లో, డాక్టరు సరేనన్నాక, మొదటి ఆదివారం వెళ్ళాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దారి పొడుగునా హుషారుగా ఉన్నారు. బస్సులో కనపడిన ప్రతి బోర్డూ పైకి చదివారు. ముందు సీటాయన వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాడు.

కిటికీ గదిలో ఇంకెవరూ లేరు. నేను ఫ్లాస్కు విప్పి టీ పోస్తున్నాను. ఆయన బైనాక్యులర్ తుడుచుకుంటూ, "ముందు నీకు మన పాత స్నేహితుణ్ణి చూపిస్తానుండు" అని నోటుబుక్కు తీసి చదివారు. "నూట నలభై మూడు. బూడిదరంగు పొడుగు కొంగ. అరుదైన రకం. ఒంటికాలి మీద నిలబడి ఉంది. చాలా ఓపికగల పక్షి. రెండు గంటలు చూసినా కదల్లేదు." వరసగా నాలుగు చలికాలాలు అదే చోట కనపడిందట. స్థలం మారని పక్షులు మంచివని కూడా అన్నారు.

బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నారు. సరిచేసుకున్నారు. దించి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మాయ్" అన్నారు. "ఆ మూల నీళ్ళలో ఏముంది?"

చూశాను. "నీటిమట్టం కొలిచే కర్ర మామయ్యా."

"మీద అంకెలున్నాయి కదూ?"

"నాకు ఇంత దూరానికి కనపడవు. మీకు కనపడుతున్నాయా?"

"రెండు మీటర్ల నలభై" అన్నారు. మళ్ళీ కాసేపు చూశారు. "దాని మీద సీలు లేదు."

నాకు నవ్వాగలేదు. టీ ముక్కులోకి పోయి దగ్గు కూడా వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరి కొలబద్దలూ తనిఖీ చేసిన మనిషి, కొలబద్దనే నాలుగేళ్ళు కొంగ అనుకున్నారు! ఎవరికైనా నవ్వొస్తుంది. ఆయనకు రాలేదు. నేను తల తిప్పి చూసేసరికి ఎర్ర పెన్నుతో నూట నలభై మూడును కొట్టేస్తున్నారు. స్కేలు పెట్టి మరీ కొట్టేశారు. అప్పుడు నా నవ్వు ఆగింది. ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. కొలత తప్పిన రాయి ఒకటి దొరికితే కొట్లో రాళ్ళన్నీ తూచే మనిషి కదా. అయిదు ఆదివారాలు వరసగా నూట తొంభై తొమ్మిదినీ తనిఖీ చేశారు. నల్లమెడ బాతు, పడవ కట్టే గుంజ మీద ఎవరో బోర్లించిన బకెట్టు. నూట డెబ్బై, నూట డెబ్బై ఒకటి, రెండూ ఒకటే నీటికాకి. ఒకసారి రెక్కలు ముడుచుకుంది, ఒకసారి ఆరబెట్టుకుంది. పొడుగుతోక పిట్ట ఒకటి అసలు పిట్టే, తోక మాత్రం వెనకాలున్న కొమ్మది. ప్రతిదానికీ స్కేలు, ఎర్రగీత. అయిదో ఆదివారానికి నలభై ఒకటి పోయాయి. మిగిలినవి నూట యాభై ఎనిమిది.

"పోనీలెండి మామయ్యా, నూట యాభై ఎనిమిది మాత్రం తక్కువా" అన్నాను, తిరుగు బస్సులో.

ఆయన కిటికీలోంచి చూస్తూ, "మీ అత్తయ్య కళ్ళు ఎలా ఉండేవి?" అని అడిగారు.

నేను ఆలోచించకుండా గొప్పగా చెప్పాను. "బ్రహ్మాండంగా ఉండేవి! చార్టులో చివరి వరస అయిపోయాక, అడుగున అచ్చువేసిన ప్రెస్సు అడ్రసు కూడా చదివేసింది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కాజా కుట్టిన కళ్ళు మామయ్యా అవి!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

"అయితే అది కర్రని ఆవిడకు తెలుసు" అన్నారు.

"మామయ్యా, మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక..."

"తెలిసీ సంతకం పెట్టింది. నలభై ఒకటి." ఆయన గొంతు పెద్దది కాలేదు. "తప్పుడు తూకం వేసేవాడికైనా ఏదో కొంత మిగులుతుందమ్మాయ్. ఈవిడకేం మిగిలింది? నన్ను చూసి నవ్వుకోవడం తప్ప."

ఇంటికొచ్చి బైనాక్యులర్ పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువా మీదికి ఎక్కించారు. మర్నాటి నుంచి మడుగు ఊసెత్తలేదు. అది ఫరవాలేదు. అత్తయ్య ఊసు కూడా ఎత్తలేదు. అదే నన్ను భయపెట్టింది. అంతకుముందు రోజుకు పదిసార్లు "మీ అత్తయ్యయితేనా" అనేవారు. టీలో పంచదార తగ్గితే మీ అత్తయ్యయితేనా, గొళ్ళెం బిగుసుకుంటే మీ అత్తయ్యయితేనా. నాకు ఆ మాట వింటే చిరాకేసేది కూడా. ఇప్పుడది ఇంట్లో వినపడటం మానేసింది. అత్తయ్య కుట్టుమిషను పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివే మనిషి, కుర్చీని వంటింటి గుమ్మం దగ్గరికి మార్చుకున్నారు. అక్కడ వెలుతురు లేదు మామయ్యా అంటే, చాలు, ఇప్పుడు బాగానే కనపడుతోందిగా అన్నారు.

"నాలుగు రోజులు పోతే సర్దుకుంటారులే" అన్నాడు మా ఆయన. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గోళ్ళు తీసుకుంటూ అన్నాడు. ఆ గోళ్ళ కత్తెర లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. తరవాత నేనే వెళ్ళి తెచ్చుకున్నాననుకోండి.

మూడు వారాలైనా ఏమీ సర్దుకోలేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. బలవంతపెట్టి ఆపరేషన్ చేయించింది నేను. అత్తయ్య కళ్ళు భేషని వాగిందీ నేనే. ఆయన పెళ్ళాన్ని ఒకసారి పోగొట్టుకున్నారు. నా నోటి దూల వల్ల రెండోసారి కూడా పోగొట్టుకున్నారు. ఇలా తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేసేది. నాకు అసహ్యమేస్తే ఎవరితోనైనా పోట్లాడాలి. బుధవారం షాపుకు సెలవు. మడుగుకు వెళ్ళి గేటు గుమాస్తాతో పోట్లాడదామని బయలుదేరాను.

గుమాస్తా బక్కపల్చటి మనిషి. టికెట్లు ఇచ్చేదీ ఆయనే, రిజిస్టర్లు దాచేదీ ఆయనే, నెలనెలా పై ఆఫీసుకు ఏయే పక్షులొచ్చాయో రిపోర్టు పంపేదీ ఆయనే. టికెట్ల కిటికీ బయట నిలబడే అందుకున్నాను.

"ఏమండీ, మీకు బాధ్యతనేది ఉందా? మా మామయ్య ఏళ్ళ తరబడి కర్రను కొంగని రాస్తుంటే గుడ్లప్పగించి చూశారా? ఆ రిపోర్టులన్నీ పైకి వెళ్తాయి కదా, అక్కడైనా ఒక్కరికీ అనుమానం రాలేదా?"

"వెళ్ళలేదమ్మా" అన్నాడాయన.

"ఏది వెళ్ళలేదు?"

"కర్ర."

ఆయన టికెట్ల పుస్తకం మూశాడు. "కర్ర వెళ్ళలేదు. బకెట్టూ వెళ్ళలేదు. టికెట్టు తీసుకుని లోపలికి రండి."

టికెట్టు తీసుకుని లోపలికెళ్ళాను. ఇనప బీరువా తెరిచి నాలుగు పాత రిజిస్టర్లు బల్ల మీద పెట్టాడు. "ఇన్‌స్పెక్టరు గారి పేరున్న చోటల్లా పక్కన అమ్మగారి సంతకం చూడండి" అన్నాడు.

చూశాను. లకుముకి పిట్ట: పేరు, గీత, రెండు చుక్కలు. తెడ్డుమూతి కొంగ: గీత, చుక్కలు. బూడిదరంగు పొడుగు కొంగ: పేరు, గీత. అంతే. పేజీ తిప్పాను. నల్లమెడ బాతు: చుక్కల్లేవు. పొడుగుతోక పిట్ట: చుక్కల్లేవు. పార్సిల్ కాగితం మీద కూడా చుక్కలు మరవని మనిషి.

"తను చూసినవాటికే చుక్కలు పెట్టేవారమ్మా" అన్నాడు గుమాస్తా. "మొదట్లోనే నా దగ్గరికొచ్చి చెప్పారు. చుక్కల్లేనివి పైకి పంపకండి, అది గవర్నమెంటు కాగితం, అబద్ధం రాయకూడదు అని. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నారు. ఇప్పుడు మీరు కేకలేశారు కాబట్టి చెప్తున్నాను."

"మరి చూడనప్పుడు సంతకమెందుకు పెట్టడం? ఆయనతో చెప్పేయొచ్చుగా?"

"నేనూ అదే అడిగాను. 'ఆయనకు వారమంతా ఈ ఒక్క పూటేనండీ. సీలు వేసిన చెయ్యి కదా, ఊళ్ళో పలకరించే కొట్టువాడు లేడు. అదుగో అన్నప్పుడు ఆయన మొహం మీరు చూడలేదు. పక్షి కనపడకపోయినా అది నేను చూస్తున్నాను కదా, దానికి పెడుతున్నాను సంతకం' అన్నారు."

నేను బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను. పోట్లాడటానికి వచ్చిన సంగతే మరిచిపోయాను.

"ఇంకొకటుందమ్మా" అని గుమాస్తా మూడో రిజిస్టరులో ఒక పేజీ తీశాడు. ఆరేళ్ళ కిందటిది. ఆ పేజీ అంతా మామయ్య రాతే. మధ్యలో ఒక్క వరస అత్తయ్య రాత. పక్షి: జమ్ముకొంగ. ఎన్ని: ఒకటి. చూసినవారు: అత్తయ్య సంతకం, గీత, రెండు చుక్కలు. సాక్షి గడి ఖాళీ.

"జమ్ముకొంగ అంటే జమ్ములో మెడ నిటారుగా ఎత్తి నిలబడుతుందమ్మా. జమ్ము ఊగితే అదీ ఊగుతుంది. పక్కనే ఉన్నా కనపడదు. మన మడుగులో ఇంతవరకు రికార్డు లేదు. ఇదే మొదటిది. కానీ సాక్షి లేడు కదా, నేను పంపలేదు." ఆయన దుమ్ము తుడిచాడు. "పధ్నాలుగేళ్ళలో అమ్మగారు తనకోసం రాసుకున్నది ఇదొక్కటే."

ఆదివారం పొద్దున్నే మామయ్య ముందు నిలబడ్డాను. రమ్మంటే రారని తెలుసు. బతిమాలితే అసలు రారు.

"మామయ్యా, మడుగు రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉంది" అన్నాను.

ఆయన పేపరు దించారు. "ఖాళీగా ఎందుకుంటుంది?"

"అదే నాకూ తెలియలేదు. ఆరేళ్ళుగా అలాగే ఉందట."

"ఆరేళ్ళా! తనిఖీ లేదా వాళ్ళకి?" అంటూ లేచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బీరువా మీది పెట్టె నేను దించాను.

గుమాస్తా రిజిస్టర్లు ముందు పెట్టాడు. చుక్కల సంగతి నేనే చెప్పాను. అత్తయ్య అన్న మాటలు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నోటుబుక్కు తీసి, ఎర్రగీత పడిన ప్రతి పక్షినీ రిజిస్టరులో వెతికి, చుక్కలున్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూసుకున్నారు. గంటన్నర పట్టింది. మధ్యలో గుమాస్తా ఇద్దరికి టికెట్లిచ్చి వచ్చాడు.

"నలభై ఒకటి" అన్నారు చివరికి. "నాదీ నలభై ఒకటి, ఆవిడదీ నలభై ఒకటి. ఒక్కటీ తేడా లేదు." ఆయనకు కళ్ళజోడు అక్కర్లేదు కాబట్టి తుడుచుకోవడానికి ఏమీ లేదు. చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు ఖాళీ గడి చూపించాను. ఆ వరస చదివి, తేదీ మీద వేలు పెట్టారు.

"నన్ను అడిగింది" అన్నారు. "నాకు జమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఊగింది జమ్మే, పక్షి కాదు, నా కళ్ళతో చూడందే సంతకం పెట్టనన్నాను. సరేలెండి అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

కిటికీ గదికి వెళ్ళాం. ఆయన బైనాక్యులర్ తీసి, అత్తయ్య చూపించిన వైపు జమ్ము మీద పెట్టారు. నేనూ కళ్ళు చించుకుని చూశాను. జమ్ము ఊగింది, ఆగింది, మళ్ళీ ఊగింది. నీటికోళ్ళు తిరిగాయి. కర్ర ఎక్కడిదక్కడే ఉంది, రెండు మీటర్ల ముప్పై అయిదు చూపిస్తోంది. మధ్యాహ్నం దాటింది. ఆయన బైనాక్యులర్ దించలేదు. ఆ ఆకు పక్కన ఏదో ఉందని చెప్పేద్దామా అనిపించింది నాకు. పద్దెనిమిదేళ్ళుగా కనపడనిది కనపడిందనేవాళ్ళను తిడుతున్న దాన్ని, ఆ ఒక్క మాటా నాలుక చివరిదాకా వచ్చింది.

"నీకేమైనా కనపడిందా?" అన్నారు మామయ్య.

"లేదు మామయ్యా."

"నాకూ లేదు" అని బైనాక్యులర్ పెట్టెలో పెట్టేశారు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కోపం కాదు, ఏడుపే.

మళ్ళీ గుమాస్తా గదికొచ్చారు. ఆ పేజీ తెరిచి పెన్ను ఇమ్మన్నారు.

"సాక్షి సంతకం చూసిన రోజే పెట్టాలండీ" అన్నాడు గుమాస్తా.

"రూలు మంచిదే" అన్నారు మామయ్య. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు.

"పోనీ ఇవాళ కనపడిందా?"

"కనపడలేదు."

"ఆ రోజూ మీరు చూడలేదు కదండీ. మరి చూడకుండా సంతకం..."

"ఆవిడ పక్షిని చూసింది. చూస్తున్న ఆవిణ్ణి నేను చూశాను" అన్నారు మామయ్య. "నా మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఒళ్ళో చొక్కా కిందపడింది. తెల్ల చొక్కా. దాని మీద కాలు కూడా వేసింది. ఎత్తలేదు. నలభై ఏళ్ళలో ఆవిడ పని నేల మీద పడగా నేనెప్పుడూ చూడలేదండీ. కర్రనో కొమ్మనో చూసి ఆవిడ అలా లేవదు. ఆ మొహం నేను చూసి కూడా జమ్ము ఊగిందన్నాను."

గుమాస్తా పెన్ను ఇచ్చాడు.

మామయ్య సాక్షి గడిలో సంతకం పెట్టారు. ఆయన సంతకం చిన్నది, సీలు పక్కన ఇరుకు చోటులో పెట్టి పెట్టి అలవాటైంది. పెట్టాక పెన్ను తిరిగి ఇవ్వబోయి ఆగారు. సంతకం కింద ఒక గీత గీశారు. గీత కింద రెండు చుక్కలు పెట్టారు.

"ఈ నెల రిపోర్టులో పంపమంటారా?" అని అడిగాడు గుమాస్తా.

"పంపండి. తేదీ ఆరేళ్ళ కిందటిదే వేయండి. ఆలస్యానికి కారణం అడిగితే, సాక్షికి చూపు సరిగ్గా లేదని రాయండి."

బస్సు స్టాపులో టీ తాగాం. ఒక గుటక వేసి ఆయన గ్లాసు వంక చూశారు.

"పంచదార తక్కువైంది" అన్నారు. "మీ అత్తయ్యయితేనా..."